ద్రోహి గుమ్మం

ముప్పై అయిదు. గైడు మళ్ళీ వెనక సీట్ల దాకా వెళ్ళి తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఈసారీ ముప్పై అయిదే. కాగితం మీద మాత్రం ముప్పై ఆరుగురు ఉన్నారు. బస్సు కదలాల్సిన ఏడున్నర దాటి అప్పుడే తొమ్మిది నిమిషాలైంది. వదిలేసి పోదామా అన్నట్టు డ్రైవరు అద్దంలోంచి కళ్ళెగరేశాడు. అంతలో ఆఖరి వరసలో బూటు లేసు కట్టుకోవడానికి వంగిన పెద్దమనిషి తాపీగా తలెత్తాడు. గైడు రెండుసార్లు ఆయన పక్కనుంచే నడిచింది. రెండుసార్లూ ఆయన వంగే ఉన్నాడు.

"మొదటి బూటు మొన్న కట్టుకున్నట్టున్నాడు" అని డ్రైవరు గేరు వేశాడు.

నగరం నుంచి ఆ సముద్రం ఒడ్డు ఊరికి రెండున్నర గంటల దారి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారు. పదహారేళ్ళుగా గైడు పని ఇదే. మైకు పట్టుకుని మొదటి వంతెన దగ్గర నమస్కారం చెబుతుంది, రెండో వంతెన దగ్గర కోట కట్టిన రాజు సంగతి మొదలుపెడుతుంది, ఈలోగా కనీసం ముగ్గురు సముద్రం ఎప్పుడొస్తుందని అడుగుతారు. సముద్రం రాదండీ, మనమే వెళ్ళాలి అని ఆమె నవ్వుతూ జవాబిస్తుంది. ఆ నవ్వు కూడా ఆమె పనిలో భాగమే. ఆ మంగళవారం నాలుగోసారి అదే ప్రశ్న వచ్చేసరికి నవ్వు రాలేదు. కిటికీలోంచి చూస్తూ ఉండమంది.

సీటు ముందు జేబులో మేనేజరు ఇచ్చిన కాగితం ఉంది. కంపెనీలో అతన్ని అందరూ నిమిషాలాయన అంటారు. కోట యాభై, దీపస్తంభం ఇరవై, రేవు పదిహేను, ద్రోహి గుమ్మం పన్నెండు, భోజనం నలభై. మూత్రానికి కూడా నిమిషాలు రాసిన మహానుభావుడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ రాతి వీధిలోకి మలుపు తిరిగారు. ఎండ నెత్తిన కూర్చుని ఉంది. ఊళ్ళో నలభై మంది ఒకేసారి కూర్చుని తినగల భోజనశాల ఒక్కటే. ముందు బస్సువాళ్ళు చేతులు కడుక్కునేదాకా వెనక బస్సువాళ్ళు ఈ వీధిలోనే నిలబడాలి. గైడు అందరినీ ఎత్తయిన గోడ పక్కన నీడలోకి జరిపి, ఎదుటి ఇంటి తలుపు చూపించింది. ఇనుప బొడిపెలు కొట్టిన పాత తలుపు. నిండా సొట్టలు.

నాలుగువందల ఏళ్ళ కింద శత్రువులు సముద్రం మీంచి వచ్చి మూడు నెలలు ముట్టడించినా లొంగని కోట అది. ఒక తెల్లవారుజామున చిన్న ద్వారం లోపలినుంచి తెరుచుకుంది. తాళాలు ఎవరి దగ్గర ఉండేవో ఆ తాళాలవాడి ఇల్లు ఇదే. ఆనాటి నుంచి ఈ దారిన పోయే ప్రతివాళ్ళూ ఆ తలుపుకి ఒక గులకరాయి కొట్టి పోతారు.

ఆమె చెప్పడం ముగించకముందే రాళ్ళు లేచాయి. టకటకా తగిలాయి. ఒకాయన పెళ్ళాం చేతికి ఫోనిచ్చి, కొట్టేటప్పుడు సరిగ్గా తీయమని రెండుసార్లు కొట్టాడు. బూటు లేసు పెద్దమనిషి గురి తప్పితే, మళ్ళీ ఇంకో రాయి వెతుక్కున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

ఇక్కడ గుంపుల్ని నిలబెడుతున్న ఏడేళ్ళలో ఆ తలుపు తెరుచుకోవడం గైడు చూడలేదు. గుమ్మంలో ముప్పై అయిదేళ్ళ మనిషి నిలబడి ఉంది. చేతిలో వల అల్లే సూది. గాల్లో ఉన్న రాయి వచ్చి ఆమె మోచేతికి తగిలింది. మోచెయ్యి రుద్దుకుంటూ అందరి ముఖాలూ వరసగా చూసి, మెడలో కార్డు ఉన్న ముఖం దగ్గర ఆగింది.

"గైడు మీరేనా? ఒక్క నిమిషం లోపలికి రండి."

వెనకనుంచి ఎవరో, ద్రోహి వంశంవాళ్ళు ఇంకా ఉన్నారా, అయితే ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడిగారు. గైడు వినిపించుకోకుండా గుమ్మం దాటింది.

లోపల వాకిలి నిండా వలలు. రెండు మేకులకు తగిలించిన పెద్ద వల మధ్యలో పీట, పీట పక్కన దారపు ఉండలు. తలుపు లోపలివైపు రేకులు కొట్టారు. రాయి తగిలినప్పుడల్లా ఆ రేకు మోగుతుంది కాబోలు, మూల మంచం మీద కూర్చున్న ముసలావిడ చెవుల్లో దూది పెట్టుకుని ఉంది.

వలలావిడ తిట్టలేదు. తిట్టి ఉంటే గైడుకి తేలిగ్గా ఉండేది. తిట్లకు ఏం జవాబివ్వాలో పదహారేళ్ళలో బాగా నేర్చుకుంది. ఆవిడ మాత్రం గడపమీద పడ్డ రాళ్ళు ఏరి బకెట్లో వేస్తూ, మీది పొద్దుటినుంచి మూడో బస్సు అని ఒక ముక్క చెప్పి, తర్వాత సంగతి మెల్లగా విప్పింది. కోటకి తాళాల మనిషి కావాలన్నారు. పొద్దున ద్వారాలు తీయడం, సాయంత్రం వేయడం, మధ్యలో గేటు దగ్గర టికెట్లు, కార్డులు చూడడం. ఆవిడ భర్త పడవ ఇంజన్లు బాగుచేసేవాడు, ఇప్పుడు పడవలు తగ్గాయి. పోయిన వారం పిలిస్తే వెళ్ళాడు. ముగ్గురు కూర్చున్నారు. ఇల్లెక్కడ అని అడిగారు, చెప్పాడు. నీ చేతికి తాళాలిస్తే కోట మళ్ళీ పోతుందేమోనయ్యా అని ఒకాయన అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

"మా ఆయనా నవ్వాడట. పెద్దవాళ్ళు నవ్వుతుంటే ఊరికే ఉండలేం కదా. ఇంటికొచ్చి రెండు రోజులు ముద్ద ముట్టలేదు" అంది వలలావిడ. "ఎల్లుండి మళ్ళీ రమ్మన్నారు. అదే ఆఖరు. నేను మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నా. ఈ కథ ఏ పుస్తకంలో ఉంది? పేరు చెప్పండి చాలు. ఎక్కడుందో వెతికి, అందులో రాసింది ఈ ఇల్లు కాదని చూపిస్తాం. ఊళ్ళో పాత ఇంటి పత్రాలున్న పెద్దాయన ఒకాయన సాయం చేస్తానన్నాడు."

గైడు నోరు తెరిచింది. ఏ ప్రశ్నకైనా జవాబిచ్చే నోరు.

"చూసి చెప్తాను" అంది.

*

తిరుగు ప్రయాణంలో బస్సంతా నిద్రపోయింది. గైడు మాత్రం మైకు వైరు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఆ కథ ఏ పుస్తకంలోనూ లేదు. ఏడేళ్ళ కింద ఇలాంటి ఎండలోనే భోజనశాల ఖాళీ కాలేదు, పక్కనున్న చిన్న మ్యూజియం మూసేశారు, నలభై మంది ఆకలితో ఆమె మీద విరుచుకుపడబోయారు. వాళ్ళ నోళ్ళు మూయించడానికి ఆమె తన నోరు తెరిచింది. కోట లోపలినుంచి తెరుచుకున్న మాట నిజమే, తెరిచిందెవరో ఎవరికీ తెలియదు. మిగతాదంతా అక్కడికక్కడ అల్లింది. ఎవరో ఒక రాయి విసిరారు, బాగుందనుకుంది. మర్నాడు తనే మొదటి రాయి విసిరింది. పన్నెండు నిమిషాలు సుఖంగా గడిచాయి. నెల తిరక్కుండా మిగతా కంపెనీల గైడులు ఎత్తుకున్నారు. గోరంతది కొండంతైంది, కొండ మీద ఇప్పుడు ఒక కుటుంబం చిక్కుకుంది.

"ఏమ్మాయ్, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు డ్రైవరు.

"బాబాయ్, ఆ గుమ్మం కథ నేను కల్పించిందే."

డ్రైవరు ఒక లారీని దాటించాడు. తనకు ముందే తెలుసన్నాడు. మొదటి రోజు తను వెనకే నిలబడి విన్నాడట, రెండో రోజుకి రాజు మీసం రంగు కూడా చేరిందట. కథ బాగానే ఉంది, మీసం వద్దని చెబుదామనుకున్నాడట.

మర్నాడు బుధవారం, బస్సు లేదు. గైడు ఆఫీసుకెళ్ళి నిమిషాలాయన ముందు కూర్చుంది. ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు, గోడ మీద మూడు గడియారాలు పెట్టుకుంటాడు, మూడూ ఒకే టైము చూపిస్తాయి. ఆ గుమ్మం తీసేయమంది. తీసేస్తే ఆ పన్నెండు నిమిషాలు ఎక్కడ పెట్టాలని అతను అడిగాడు. రేవులో పెట్టమంది. రేవులో నీడ లేదన్నాడు. దీపస్తంభంలో పెట్టమంది. మెట్లెక్కలేనివాళ్ళు నెట్‌లో చెడ్డగా రాస్తారు, మన పేరు పోతుందన్నాడు. చివరికి ఆమె అసలు మాట చెప్పింది. అతనికి చీమ కుట్టినట్టయినా అనిపించలేదు.

"మేడమ్, ఏ కథైనా ఎవరో ఒకరు కల్పించందే ఎలా పుడుతుంది? పైగా ఇప్పుడది మీది కాదు" అని కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

తెర మీద ఆ వీధి చివర పాతిన బోర్డు ఫోటో. కోటవాళ్ళు పోయినేడాది పెట్టించినది. ఆ వీధిలో ఆమె ఎప్పుడూ అటు చివరకి వెళ్ళదు, భోజనశాల ఇటు చివర ఉంది. శతాబ్దాల నాటి ఆచారం అని రాసి ఉంది. కింద కోట ముద్ర. గైడు ఆ రెండు ముక్కలూ మూడుసార్లు చదివింది. ఏడేళ్ళు శతాబ్దాలైపోయాయి.

తనే కోటవాళ్ళకు చెబుతానంది. నిమిషాలాయన మొదటిసారి గడియారం వైపు చూడకుండా ఆమె వైపు చూశాడు. కోట లోపల నోరు విప్పాలంటే మెడలో కార్డుండాలి, ఆ కార్డు ఇచ్చేది కోట ఆఫీసే. తప్పుడు చరిత్ర చెప్పిన గైడు కార్డు లాక్కుంటారని దాని వెనకే రాసి ఉంటుంది. ఆమె మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి గెలుచుకున్న కార్డు అది. ఆ ముక్క అతను గుర్తుచేయక్కర్లేదు. అయినా చేశాడు.

*

గురువారం ముప్పై ఎనిమిది మంది. మొదటి వంతెన దగ్గర నమస్కారం అయ్యాక గైడు మైకు గట్టిగా పట్టుకుని, ద్రోహి గుమ్మం అనేది అబద్ధమండీ, నేనే ఏడేళ్ళ కింద అల్లిన కథ అని చెప్పేసింది. చెప్పగానే గుండె మీది బండ దిగుతుందనుకుంది. రెండో వరసలోని రిటైరైన లెక్కల మాష్టారు చెయ్యెత్తాడు. ఫోన్లో వెతికానన్నాడు. పదకొండు చోట్ల ఉంది, కోటవాళ్ళ బోర్డే ఉంది, మేడమ్ గారికి కొత్తేమో పాపం అని వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా చెప్పాడు.

"కొత్త కాదండీ, పదహారేళ్ళు."

"మరి పదహారేళ్ళయినా తెలుసుకోకపోతే ఎలాగండీ?"

బస్సు గొల్లుమంది. డ్రైవరు కూడా పెదవి కొరుక్కున్నాడు. మూడో వరసలో ఒక కుటుంబం ఇంటినుంచే రాళ్ళు తెచ్చుకుంది. పెరట్లో ఏరి, కడిగి, గుడ్డసంచిలో పోసుకొచ్చారు. కడగడం దేనికో గైడు అడగలేకపోయింది. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కడూ ఆధారం అడగలేదు, నిజం చెబితే ముప్పై ఎనిమిది మంది న్యాయమూర్తులయ్యారు.

కోట చూపించి బయటికొచ్చాక గుమ్మం చూపించనని ఖరారుగా చెప్పింది. అయితే మేమే వెళ్తామని మాష్టారు నాయకత్వం తీసుకున్నాడు. ఇంకో కంపెనీ గైడు అప్పుడే పసుప్పచ్చ గొడుగెత్తుకుని ఆ దారినే పోతున్నాడు. అందరూ అతణ్ణి గొడుగు గైడు అనే అంటారు. తన గుంపు ఆ గొడుగు వెనక మలుపు తిరగడం గైడు నిలబడి చూసింది. భోజనానికి అందరినీ కూర్చోబెట్టమని డ్రైవరుకి చెప్పి, తను కోట ఆఫీసు మెట్లెక్కింది.

ఆఫీసు బయట బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. తడి తల దువ్వుకున్నాడు, చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నాడు, ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. గోళ్ళ సందుల్లో ఎన్నిసార్లు తోమినా పోని ఇంజన్ నూనె. ఎవరో చెప్పకుండానే తెలిసింది. ఆయన ఆమె మెడలో కార్డు చూసి, లోపలికి ముందు మీరెళ్ళండి అన్నట్టు కాళ్ళు పక్కకి తీసుకున్నాడు.

లోపల ముగ్గురు. మధ్యలో కోట అధికారి, గైడు కార్డుల మీద సంతకం ఆయనదే. అటూ ఇటూ ఇద్దరు కమిటీ మెంబర్లు. తలుపు దగ్గరికి వేయాలని కూడా తోచకుండా గైడు చెప్పేసింది. తాళాలవాడు లేడు, ద్రోహి లేడు, ఆచారం లేదు. అదంతా ఆకలి మీదున్న నలభై మందిని ఊరుకోబెట్టడానికి తను చెప్పిన మాట.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో కోపం కన్నా విసుగు ఎక్కువ ఉంది.

"ఏమ్మా, బోర్డు పెట్టేటప్పుడు మేం గైడుల్ని అడిగే పెట్టాం. తొమ్మిది మంది అదే కథ చెప్పారు. తొమ్మిది మందీ అబద్ధమేనా?"

"తొమ్మిది మందికీ నా నోటినుంచే పోయింది సార్."

"సరే, కల్పించావు. ఊళ్ళో రెండువందల ఇళ్ళున్నాయి కదా. ఆ ఇల్లే ఎందుకు? వాళ్ళతో నీకేమైనా తగాదానా?"

ఈ ముక్క గైడుని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఏడేళ్ళుగా తనని తను కూడా ప్రశ్నించుకోలేదు. ఆ రోజు ఆ వీధిలో నిలబడి ఎటు చూసిందో ఇప్పుడు గుర్తు తెచ్చుకుంది.

"ఎదురుగా నీడ ఉంది సార్" అంది.

కుడివైపు మెంబరు కాగితాల మీద ఏదో రాస్తున్నవాడు కలం ఆపాడు. పోయిన వారం నవ్వు మొదలుపెట్టింది బహుశా ఇతనే. ఇవాళ నవ్వలేదు. బయట బల్ల కిర్రుమంది. తలుపు తెరిచే ఉందని గైడుకి అప్పుడు తట్టింది.

అధికారి తెల్లకాగితం ముందుకు తోశాడు. ఉన్నదంతా రాసి సంతకం పెట్టమన్నాడు. ఆమె నిలబడే రాసింది. ఆ తర్వాత చెయ్యి చాచాడు. నిబంధన నేను రాసింది కాదమ్మా, ఆర్నెల్లు అన్నాడు. కార్డు దారం జడలో చిక్కుకుంది. ఎడమవైపు మెంబరు లేచి సాయం చేయబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఆమె నాలుగు వెంట్రుకలతో సహా దాన్ని లాగి బల్ల మీద పెట్టింది. బోర్డు ఎప్పుడు తీస్తారని అడిగింది. పైనుంచి కాగితం రావాలి, పెట్టడానికి ఏడాది పట్టింది అని జవాబు వచ్చింది.

బయట బల్ల దగ్గర వలలావిడ భర్త లేచి నిలబడి ఉన్నాడు. కృతజ్ఞతలు చెబుతాడని ఆమె అనుకోలేదు, తిడతాడేమో అనుకుంది. ఆయన ఆమె ఖాళీ మెడ వైపు చూశాడు.

"మా అమ్మ ఇప్పుడది నిజమే అంటోంది. వీళ్ళకి చెప్పారు సరే, ఆమెకెవరు చెప్తారు?"

లోపలినుంచి ఆయన్ని పిలిచారు.

గైడు వీధికి వెళ్ళింది. తన గుంపు రాళ్ళు కొట్టేసి భోజనానికి పోయింది, గడప ముందు కడిగిన రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. వలలావిడ తలుపు తీసి, పుస్తకం పేరు చెప్పడానికే వచ్చిందనుకుంది. చేతులు తుడుచుకుని కాగితం, కలం తెచ్చింది. అవి అక్కర్లేదని గైడు చెప్పాల్సి వచ్చింది. ఏమీ దాచకుండా చెప్పింది, నీడ సంగతి కూడా. వలలావిడ వింటూ కలం మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. చివరికి వెళ్ళి ముసలావిడ చెవుల్లో దూది తీసింది. గైడు మంచం పక్కన గొంతుక్కూర్చుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

ముసలావిడ ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపింది. మా అత్త నాకు చెప్పింది, మా అత్తకి వాళ్ళత్త చెప్పింది, మా ఇంటి మగాళ్ళకి తాళాలు అచ్చిరావు అంది. అందుకే మా ఆయన పెట్టెకి కూడా తాళం వేసేవాడు కాదంది. ఈ కథకి ఏడేళ్ళే పెద్దమ్మా, చెప్పింది నేనే అని గైడు బతిమాలింది.

"నీకేం తెలుసే? బస్సులో వచ్చి బస్సులో పోయేదానివి" అని ముసలావిడ దూది అడిగి తీసుకుని చెవుల్లో పెట్టుకుంది.

*

సోమవారం నిమిషాలాయన ఫోను చేసి బస్సెక్కమన్నాడు. కార్డు పోయిందని గుర్తుచేస్తే, కార్డు పోయింది గాని నోరు పోలేదు కదా మేడమ్ అన్నాడు. కోట బయట మీరు మాట్లాడండి, లోపల చెవికి తగిలించుకునే రికార్డు మిషన్లు మాట్లాడతాయి, నాకు ఈ సీజన్లో ఇంకెవరూ దొరకరు అని తేల్చేశాడు. ముప్పై నలుగురు. ఒక్కసారికే లెక్క సరిపోయింది. డ్రైవరు, ఇవాళ వాన పడుతుందేమో అన్నాడు.

రేవూ దీపస్తంభమూ చూశాక కోట గేటు దగ్గర వరస కదిలింది. గేటు పక్కన వలలావిడ భర్త నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా, మడతలు ఇంకా విడలేదు. నడుముకి ఇనుప వలయం, దానికి అరచెయ్యంత తాళంచెవులు పదో పన్నెండో. నడిచినప్పుడు మోగకుండా ఒక చెయ్యి వాటి మీద వేసుకున్నాడు. ఒక్కొక్క టికెట్టూ తీసుకుని రెండు వైపులా చూసి, అంచు చించి ఇస్తున్నాడు. అలా చూసేవాణ్ణి గైడు ఆ గేటు దగ్గర ఎప్పుడూ చూడలేదు. పాతతను పేపరు చదువుకుంటూ చెయ్యి చాపేవాడు. వెనక జనం గొణుగుతున్నారు. ముప్పై నాలుగో మనిషి లోపలికి వెళ్ళాక ఆమె కూడా అడుగు వేసింది.

ఆయన చెయ్యి అడ్డంగా వచ్చింది.

"కార్డు?"

గైడు నవ్వబోయింది. ఆయన ముఖంలో నవ్వు లేదు, వెటకారమూ లేదు. చెమట మాత్రం ఉంది.

"కార్డు లేదని మీకు తెలుసు కదా."

"తెలుసమ్మా. కార్డు లేని గైడుని పంపొద్దని రాసిచ్చారు. నాకిది మొదటి రోజు." గొంతు తగ్గించాడు. "ఇవాళ నేను ఒక్కళ్ళని ఊరికే లోపలికి వదిలితే, రేపు వాళ్ళేమంటారో మీకు తెలీదా?"

ఆమెకి తెలుసు. ఊరంతటికన్నా ఎక్కువ తెలుసు. పక్కకి జరిగి, వెనకున్న ఇంకో గుంపుకి దారిచ్చింది. ఒళ్ళు మండుతూనే ఉంది. పదహారేళ్ళుగా దాటిన గేటు. ఎవరి మీద మండుతోందో తేల్చుకుందామంటే చూపించడానికి ఒక్క ముఖం కూడా దొరకలేదు, తనది తప్ప.

యాభై నిమిషాలు ఏం చెయ్యాలో తోచలేదు. కాళ్ళు అలవాటు మీద ఆ వీధిలోకే తీసుకెళ్ళాయి. గుమ్మం ముందు అప్పుడే రాళ్ళు పడి ఉన్నాయి, పొద్దుటి బస్సువి. ఆమె వంగి వాటిని ఏరి గోడవార పోసింది. నడుము పట్టేసింది. చెయ్యి ఆనించుకుందామని చూస్తే ఆ గడపే దొరికింది. కూర్చుంది. ఆ వైపు నీడ లేదు. తలుపు చెక్క వీపుకి సెగలా తగిలింది. ఇక్కడినుంచి ఎదుటి గోడ నీడ ఎంత చల్లగా కనిపిస్తుందో ఆమెకి ఇన్నేళ్ళలో తెలియదు.

మలుపులో పసుప్పచ్చ గొడుగు కనిపించింది. వెనక పాతిక మంది. గొడుగు గైడు అలవాటుగా వాళ్ళని నీడలోకి జరిపి, కోటా ముట్టడీ మొదలుపెట్టాడు. తెల్లవారుజాము దాకా వచ్చాక గడప మీద కూర్చున్నదెవరో చూసి తడబడ్డాడు. ముగించకుండానే ఆపేశాడు. ఆపినా వాళ్ళ చేతుల్లో రాళ్ళు ఉన్నాయి. బోర్డు చదివే వచ్చారు.

పాతిక మంది ఆమె లేస్తుందని చూశారు. ఆమె లేవలేదు. ఒకావిడ ఫోను ఎత్తి మళ్ళీ దించింది. మనిషి కూర్చుని ఉండగా తలుపు ఫోటో ఎలా తీయాలో తెలిసినట్టు లేదు. ఒకాయన రాయిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

గొడుగు గైడు వీధి దాటి వచ్చి వంగాడు.

"అక్కా, ఒక్క రెండు నిమిషాలు పక్కకి జరుగుతావా? భోజనశాల ఇంకా ఖాళీ కాలేదు. వీళ్ళని ఏం చెయ్యను?"

"జరగను."

"మరి ఏం చెప్పమంటావ్ వీళ్ళకి?"

"నాకూ తెలీదురా" అంది గైడు. "నిలబడనీ."

వీపు వెనక గడియ తీసిన చప్పుడైంది. తలుపు వెనక్కి జరిగితే ఆమె పడబోయి గడప పట్టుకుంది. వలలావిడ బయటికి వచ్చింది. గైడునీ, గొడుగునీ, ఎదుటి నీడలో రాళ్ళు పట్టుకున్న పాతిక మందినీ చూసింది. లోపలికి వెళ్ళి పెద్ద వల ఒక చెంగు ఈడ్చుకుంటూ వచ్చి, గడప మీద గైడు పక్కన ఇరుకుగా కూర్చుంది. వల ఇద్దరి మోకాళ్ళ మీదా పరిచింది. చిరిగిన వలకన్ను వెతికి, సూదిలో దారం ఎక్కించింది. వల జారుతోంది. అంచు తీసి గైడు చేతిలో పెట్టింది.

గైడు పట్టుకుంది.

"అలా వదులుగా కాదు" అంది వలలావిడ ముడి మీంచి తలెత్తకుండా. "లాగి పట్టుకోండి."